పసుపు ఎండకముందే పైసలు ఒడగొట్టే పద్ధతి

ఆర్మూరు రైతుకు దుంపకుళ్లు కంటే పెద్ద ముప్పు ఒకటుంది: తీరిక.

జూన్‌లో పసుపు విత్తనం భూమిలో పెడితే తవ్వేది మళ్లీ జనవరి తర్వాతే. ఎనిమిది తొమ్మిది నెలల పంట. కలుపు తీయడం, ఎరువు వేయడం, మట్టి ఎగదోయడం, నడుమ వేసిన మక్క విరవడం అన్నీ అయ్యాక, నీళ్లు పారించడం తప్ప పెద్దగా పని లేని రోజులు కొన్ని వస్తాయి. ఆ రోజుల్లో మనిషి హోటల్ ముందు బెంచీ మీద కూర్చుంటాడు. రెండో చాయ్ చెబుతాడు. పక్కవాడితో వాళ్ల తాతల నాటి ముచ్చట్లు పెడతాడు. మధ్యాహ్నం వేపచెట్టు కింద ఓ కునుకు తీసి, పొద్దుగూకే వేళకు బిడ్డను బండి మీద కూర్చోబెట్టుకుని చెరువుకట్ట దాకా పోయి వస్తాడు. మొత్తం ఖర్చు రెండు చాయ్‌లు. ఇట్లాంటివాళ్లతో దేశం ఎప్పుడు ముందుకు పోవాలి? అందుకే ఈ సలహాలు. శ్రద్ధగా పాటిస్తే ఏ ఏడాదీ మీకు అలాంటి రోజు రాదు, నాదీ పూచీ.

మొదట లెక్క మార్చుకోండి. పచ్చి పసుపు తవ్వి, ఉడకబెట్టి, పది పదిహేను రోజులు కల్లంలో ఎండబోసి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాక అయిదు క్వింటాళ్లకు ఒక క్వింటాలు చేతికొస్తుంది, మహా అయితే ఇంకొంచెం. మిగతాదంతా నీరే. ఈ సంగతి మీ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా సరే, ఖర్చు రాసుకునేటప్పుడు పచ్చి లెక్కే పట్టుకోండి. చేను మోకాలెత్తు లేవగానే కారు షోరూంకు ఫోన్ చేయండి. ఆకు ముదరకముందే పెండ్లికి హాలు మాట్లాడండి. బంగారం కూడా అప్పుడే తీసుకోండి, పాతది బ్యాంకులో కుదువ పెట్టి.

దీనివల్ల ఇంకో లాభముంది, దాన్ని చాలామంది గుర్తించరు. వాయిదాలు నెత్తిన పెట్టుకుని నిజామాబాద్ యార్డుకు పోయిన రైతుకు, ధర నచ్చకపోతే సరుకు వెనక్కి తీసుకుపోవాలన్న ఆలోచన రాదు. ఇంకో నెల గోదాములో పెట్టి చూద్దామన్న ధైర్యం ఉండదు. కుప్ప ముందు నిలబడ్డ మనిషి మొహం చూడగానే, ఈయన ఇయ్యాల అమ్మక తప్పదని కొనేవాళ్లకు తెలిసిపోతుంది. కొమ్ములు విరిచి చూడాల్సిన పని కూడా వాళ్లకు తప్పుతుంది. బేరమాడే బలాన్ని అంత ఉదారంగా ఇచ్చేస్తే ఎవరు సంతోషించరు చెప్పండి. చాలామంది కష్టమంటే చేలో పడేదే అనుకుంటారు. సరుకు ఆపుకోలేక క్వింటాలుకు వెయ్యి తక్కువకు అమ్మినవాడు, ఆ వెయ్యి కోసం మరుసటి ఏడాది ఇంకో రెండెకరాలు కౌలుకు పట్టి పని చేస్తాడు. తీరికను వేళ్లతో సహా పీకేయడమంటే ఇదే.

ఉడకబెట్టే బాయిలరు, పాలిష్ డ్రమ్ము ఏడాదిలో మీకు పనికొచ్చేది కొన్ని రోజులే. కిరాయికి దొరుకుతాయి. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు కూడా. వద్దు. నలుగురితో కలిస్తే మాట్లాడుకోవాలి, వంతులు పెట్టుకోవాలి, వంతు వచ్చేదాకా ఊరికే ఉండాలి. సొంతంగా కొనండి. మిగతా పదకొండు నెలలు అది కొట్టంలో పడి ఉంటుంది. దాని ఖర్చు రాబట్టడానికి మీరు ఊళ్లన్నీ తిరిగి కిరాయికి తిప్పుతారు. మీలాగే ఊరంతా కొని ఉంటారు కాబట్టి కిరాయి దొరకదు. అప్పుడిక ట్రాక్టర్ కూడా కొనండి.

ఎవరన్నా ఎదురై "ఏం పటేలా, ఖాళీయేనా?" అంటే అవునని మాత్రం చెప్పకండి. "ఎక్కడి ఖాళీ అన్నా, సచ్చేటంత పని" అనండి. ఇది రోజుకు పదిసార్లు అంటే మూడు నెలల్లో నిజమవుతుంది.

దావత్‌ల విషయంలో మన ప్రాంతం అదృష్టం చేసుకుంది. ఆర్మూరు నుంచి నిజామాబాద్ పోయే తోవలో అంకాపూర్ ఉంది. మక్కలు, విత్తన పంటలు, కూరగాయలు పండించి కష్టపడి ఎదిగిన ఊరు, దాని మీద నాకు గౌరవమే. ఆ ఊరి నాటుకోడి కూర పేరు మాత్రం దాని వ్యవసాయం కన్నా దూరం పోయింది. ఎన్ని కోళ్లు కావాలో చెబితే చాలు, వండి అన్నంతో సహా ఇస్తారు, హైదరాబాద్ దాకా కట్టించుకుపోయేవాళ్లున్నారు. నా సలహా ఏమిటంటే, మీ పెరట్లో కోళ్లు తిరుగుతుంటే వాటిని వెంటనే అమ్మేయండి. ఆ పైసలకు ఇంకొన్ని కలిపి, బండికి పెట్రోలు పోసుకుని, పక్క ఊరికి పోయి కోడి తినండి. రుచిలో తేడా ఉంటుందా అని అడగొద్దు. ఫొటోలో ఉంటుంది.

పెండ్లి సంగతి చెప్పనక్కర్లేదు. పెండ్లి ఒక్కటే ఉంటే నెగ్గుకు రావచ్చు. పుట్టువెంట్రుకలు, శారీ ఫంక్షన్, ధోతీ ఫంక్షన్, ఎంగేజ్‌మెంట్, గృహప్రవేశం అన్నీ పెండ్లంత చేయండి. దానికి కొలత మీ సంపాదన కాకూడదు, మొన్న మీ బావమరిది చేసిన దావత్ కావాలి. ఆయన అయిదు వందల మందికి పెడితే మీరు ఏడు వందల మందికి పెట్టండి. ఆయన కూడా మీ దావత్‌లో తిని ఇంటికి పోయి రాత్రి నిద్రపోడు, ఆ పుణ్యం మీదే. ఒకప్పుడు సంక్రాంతికి వాడకట్టు ఆడవాళ్లంతా ఒక ఇంట్లో కూర్చుని సకినాలు చుట్టేవాళ్లు. చుట్టినవాళ్ల నడుములు పట్టేసేవి, మగవాళ్లు తినడానికే లేచేవాళ్లు, ఆ మాటా ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆ గొడవ లేదు. సకినాలు కిలో లెక్కన కొంటున్నాం, కొనడానికి కావలసిన పైసల కోసం ఆ ఆడవాళ్లే ఇంకో రెండు గంటలు పని చేస్తున్నారు. నడుము నొప్పి ఎక్కడికీ పోలేదు, పక్కన కూర్చుని నవ్వే మనుషులే పోయారు.

ఇవన్నీ చేసినా ఇంకా తీరిక మిగిలితే దుబాయ్ పోండి. ఆర్మూరు, బాల్కొండ, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఈ సలహా కొత్తగా ఇచ్చేదేమీ కాదు, రెండు మూడు తరాలుగా పాటిస్తున్నదే. ముందు ఏజెంటుకు కట్టడానికి అప్పు చేయండి. మొదటి రెండేళ్లు ఆ అప్పు తీర్చండి. తర్వాత ఇల్లు మొదలుపెట్టండి, రెండంతస్తులది, ముందు స్తంభాలు, పైన పిట్టగోడకు డిజైను. ఇల్లు పూర్తవుతుంది. అప్పుడు దాని అప్పు తీర్చడానికి మళ్లీ విమానం ఎక్కండి. ఇంట్లో అమ్మ కింది గదిలో ఉంటుంది, పై గదులకు తాళం. నెలకోసారి తాళం తీసి ఊడ్చి మళ్లీ వేస్తుంది. మీరు అక్కడ ఒక గదిలో ఎనిమిది మందితో కలిసి పడుకుని, సెలవు రోజున వీడియో కాల్‌లో మీ ఇంటి గోడల రంగు చూసుకోండి. అక్కడే ప్రాణం పోతే? గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో చెప్పింది. ఆ పథకం కోసం గల్ఫ్ కార్మికుల సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాల్సి వచ్చిందంటే, ఆ ఇండ్లకు ఎంత ధర కట్టారో అర్థం చేసుకోవచ్చు.

ఒక్కమాట. పని తగ్గించుకోండి, కొనడం తగ్గించండి అని ఊరంతటికీ ఒకే తీరుగా చెప్పే పెద్దమనుషులు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్లు బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గరికి కూడా వస్తే ఏం చేయాలో చెబుతాను. ఒళ్లో చాట పెట్టి, నానబెట్టిన తునికాకు, కత్తెర, తంబాకు, దారం చేతికిచ్చి, వెయ్యి బీడీలు చుట్టమనండి. కూలీ లెక్క వెయ్యి మీదే ఉంటుంది. పొద్దున వంట, బిడ్డలు, చేను పని చూసుకుని, రాత్రి టీవీ ముందు కూడా చేతులు ఆగకుండా చుడితే తప్ప ఆ లెక్క పూర్తి కాదు. తీసుకుపోయినవాటిలో కొన్ని బాగా లేవని తీసి పక్కన పెడతారు. పైగా కంపెనీలు నెలంతా పని ఇవ్వడం మానేశాయని, సగం రోజులే ఆకు ఇస్తున్నాయని ఎన్నాళ్ల నుంచో వాళ్లు మొత్తుకుంటున్నారు. ఇక్కడ పని తగ్గింది, వస్తువులూ తగ్గాయి. పుస్తకాల్లో చెప్పిన ప్రకారం వీళ్లు ఈపాటికి మహా సుఖంగా ఉండాలి. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు మొదలైన జీవనభృతి 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. పని లేని పదిహేను రోజులు తీరిక అనిపించేలా చేసింది ఏదన్నా ఉంటే ఆ డబ్బే, అదీ కొద్దిమేర. కాబట్టి అమ్మా, ఈ చిట్కాలు మీకు కావు. మీరు ఇంకా కొనాల్సినవి చాలా ఉన్నాయి, కొనండి.

మిగతావాళ్లం మళ్లీ మన పాఠానికి వద్దాం. పెద్దల మాట వినడం మంచి అలవాటు. దేశం కోసం యువకులు వారానికి 70 గంటలు పని చేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023లో అన్నారు. ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట చెప్పి, ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్యను చూస్తూ ఉంటారన్నట్టు మాట్లాడింది 2025 జనవరిలో బయటికొచ్చింది. వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని 2025 జులైలో మన రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 గంటల హద్దు మాత్రం తీసేయలేదు. వీళ్లందరికన్నా ముందు 1930లో కీన్స్ అనే ఇంగ్లీషు అర్థశాస్త్రవేత్త ఒక వ్యాసం రాసి, ఇంకో వందేళ్లకు మనుషులు వారానికి పదిహేను గంటలు పని చేస్తే సరిపోతుందన్నాడు. 2030 వాకిట్లోకి వచ్చేసింది. మన మనవళ్లకు తీరిక దొరికితే దాంతో ఏం చేయాలో తెలియక కష్టపడతారని కూడా ఆయన భయపడ్డాడు. పాపం, ఆయనకు సెల్‌ఫోన్ సంగతి తెలియదు. హోటల్ బెంచీ మీద రెండో చాయ్ తాగే మనిషిని కూడా ఇప్పుడు వాయిదాల యాప్ పలకరిస్తుంది.

సిద్ధులగుట్ట గురించి రెండు ముక్కలు. నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుట్ట ఎక్కి, గుహలోని సిద్ధేశ్వరుడికి దండం పెట్టి, పైన గాలికి కూర్చుంటే కొనాల్సింది కొబ్బరికాయ ఒక్కటే. ఊరి నడుమ ఇంత ఉచితం మంచిది కాదు. ఎక్కినా తొందరగా దిగండి.

జహీరాబాద్ వైపు అసలే చూడకండి. అక్కడ పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టూ, ఎక్కువగా దళిత మహిళలు సంఘాలు పెట్టుకున్నారు. ఎర్రనేల, వానే దిక్కు, ఎకరం రెండెకరాల చెలకలు. ఆ చెలకలోనే జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అనుములు, నువ్వులు కలిపి ఇరవై రకాల దాకా వేస్తారు. విత్తనం ఇంట్లోనే బుట్టల్లో దాస్తారు, ఒకరికొకరు ఇచ్చుకుంటారు, అప్పుగా తీసుకుంటే విత్తనమే కొంచెం ఎక్కువ కలిపి తిరిగిస్తారు. ఊరి ధాన్యం బ్యాంకులు పెట్టుకున్నారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో పేరుతో సొంత రేడియో నడపడం మొదలుపెట్టారు. అంటే, పాటలు పాడుకోవడానికీ వాటిని ఊళ్లకు వినిపించడానికీ వాళ్లకు సమయం ఉందన్నమాట. ప్రతి చలికాలం పాత పంటల జాతర పేరుతో విత్తనాలను ఎడ్లబండ్ల మీద అలంకరించి ఊరూరా తిప్పుతారు. కొనడానికి ఏమీ లేని జాతర! 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వాళ్లకు ఈక్వేటర్ బహుమతి కూడా ఇచ్చి ఈ దురలవాటును ప్రోత్సహించింది.

ఆర్మూరులో ఈ పద్ధతి సాగదని మీరంటారు, నేనూ అంటాను. మనది అమ్మకపు పంట. పసుపు ఎంత మంచిదైనా కూరలో చిటికెడే పడుతుంది, పుట్లకొద్దీ తినలేం. ఎర్రజొన్న అంతకన్నా విచిత్రం. మన నేలలో పండి మన కంచంలోకి రాకుండా, ఉత్తరాది పశువుల మేతకు విత్తనంగా పోతుంది. పండించినదంతా అమ్మి, తినేదంతా కొనుక్కునే ఊరికి తక్కువలో బతకమని చెప్పడం తేలికే, చేయడం కష్టం. జహీరాబాద్ ఆడవాళ్లు కూడా ఎవరి ప్రవచనమో విని కొర్రలకు తిరిగి రాలేదు. ఆకలి చూశారు. పడావు పడ్డ భూములు సంఘంగా బాగుచేసుకున్నారు. వచ్చే ఏడు గింజ ఉంటుందన్న నమ్మకం కుదిరాక, మిగతా వాటి వెంట పరుగెత్తే అవసరం తగ్గింది.

అసలైన చిట్కా ఇప్పుడు చెబుతాను. పైన చెప్పినవన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, జన్మలో తీరిక మీ గడప తొక్కదు. ధర గురించి ఎప్పుడూ అడగకండి.

2019 ఫిబ్రవరిలో మన రైతులు ఈ తప్పే చేశారు. పసుపు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 ఇప్పించాలని ఆర్మూరు మామిడిపల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద కూర్చున్నారు. అప్పుడు యార్డులో పసుపు అయిదారు వేలకు అటూ ఇటూ ఉంది. వినేవాళ్లు లేకపోవడంతో నిజామాబాద్ లోక్‌సభకు నామినేషన్లు వేశారు, 170 మందికి పైగా రైతులు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పోలింగ్ బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చి ఓటు వేయించాల్సి వచ్చింది. ఆ పన్నెండు పెట్టెల నిండా ఉన్న పేర్లవాళ్లు అడిగింది కారు కాదు, మేడ కాదు. చేసిన పనికి ఏడాదికేడాది నిలబడే ఒక ధర.

చూడండి ఎంత ప్రమాదమో. ధర నిలబడితే రైతు లెక్క వేసుకోగలడు. ఇన్ని క్వింటాళ్లు పండితే ఇంటికి సరిపోతుంది, ఈ రెండెకరాలు చాలు, కౌలు పట్టనవసరం లేదు, పెద్దోడిని దుబాయ్ పంపనవసరం లేదు అని ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకోగలడు. ఎక్కడ ఆగాలో తెలిసిపోతుంది. అదే 2024 మార్చిలో లాగా ధర ఒక్కసారి 18 వేలు దాటి, మరో ఏడు ఎంతకు దిగుతుందో తెలియకుండా ఊగుతుంటే ఎవడూ ఆగడు. ధర వచ్చిన ఏడు, మళ్లీ వస్తుందో రాదోనని అన్నీ కొనేస్తాడు. రాని ఏడు, ఆ కొన్నవాటి కోసం రెట్టింపు పని చేస్తాడు. ఈ ఊగులాట ఉన్నన్నాళ్లు సరళ జీవనం మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా షోరూంలకు ఢోకా లేదు. రైతు ఆశపోతు కాబట్టి కొంటున్నాడని టీవీలో చెప్పేవాళ్లకూ పని దొరుకుతుంది.

జాతీయ పసుపు బోర్డు వచ్చింది కదా అంటారా? వచ్చింది. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్‌లో ప్రధాని ప్రకటించారు, 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. పరిశోధన, ఎగుమతి, విలువ పెంచడం దాని పనులు, అవీ కావాల్సినవే. మీరు మాత్రం బోర్డు చూసి ధర వచ్చిందనుకోండి, పోయి కొత్త బండికి అడ్వాన్సు కట్టండి. కేంద్రం ఏటా కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు లేదు.